పోపు మానేసినంత మాత్రాన కణితి మాడదు

ప్రశ్న: మాది నెల్లూరు. నాన్నగారు ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ముప్పయ్యేళ్లుగా పెరంబూరులోనే ఉంటున్నాం. ఆయనకు 61 ఏళ్లు. మూడు నెలల కిందట పెద్దపేగు కుడివైపు క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ చేశారు. రిపోర్టులో పీటీ3, ఎన్1, మూడో దశ అని రాసుంది. ఇప్పుడు కీమో నడుస్తోంది: మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ డ్రిప్పు, ఇంట్లో కాపెసిటబిన్ మాత్రలు. రెండు సైకిళ్లు అయ్యాయి. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు, క్యాన్సర్ కణాలు కొవ్వు తిని పెరుగుతాయని చదివి నూనె చుక్క కూడా వేయొద్దన్నాడు. అప్పటి నుంచి పొద్దున నీళ్లలో కాచిన రాగిజావ, మధ్యాహ్నం కాస్త అన్నం, ఉడికించిన కూర, చారు, సాయంత్రం ఒక ఆపిల్, రాత్రికి రెండు ఇడ్లీలు, మధ్యలో గంజి. పిన్నేమో క్యాన్సర్‌కు తిండి చక్కెర, అన్నం మాన్పించి, పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచే కీటో భోజనం మొదలుపెట్టు, పరగడుపున నాలుగు పెద్ద చెంచాల కొబ్బరినూనె తాగించు అంటోంది. బరువు తగ్గడానికి వాడే ఆర్లిస్టాట్ మాత్ర కణితిలో కొవ్వు తయారీని ఆపుతుందట, వేద్దామా అని తమ్ముడు మళ్లీ అడుగుతున్నాడు. నాన్నగారు 68 కిలోలుండేవారు, ఇప్పుడు 59. ఎవరి మాట వినాలి?
– ఒక కూతురు, పెరంబూరు, చెన్నై

అమ్మా,

మీ ఉత్తరంలో నా కన్ను ముందుగా ఆగింది ఆ రెండు అంకెల దగ్గరే. 68, 59. తొమ్మిది కిలోలంటే ఒంట్లో నూటికి పదమూడు పాళ్లు పోయినట్టు. క్యాన్సర్ మనిషి ఆరు నెలల్లో నూటికి ఐదు పాళ్లు తగ్గితేనే మేం ఉలిక్కిపడతాం. అందుకని మిగతాది చదివే ముందు ఒక పని చేయండి. ఈ పూట పప్పులో పోపు పెట్టండి. చెంచాడు నువ్వుల నూనె, నాలుగు ఆవాలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు. నోరు పూసి ఉంటే ఎండుమిరపకాయ మాత్రం వద్దు.

ఈ ఊళ్లో క్యాన్సర్ రోగుల తిండి సంగతి చూస్తూ ఇరవై ఏళ్లు గడిపాను. ఓపీ బయట బెంచీ మీద స్టీలు క్యారియర్ మూత తీసినప్పుడు ఏ వాసనా రాకపోతే, ఆ ఇంట్లో ఎవరో భయపడి నూనె ఆపేశారని నాకు తెలిసిపోతుంది. వ్యాసర్‌పాడి నుంచి వచ్చే ఒక పెద్దాయన మెతుకులు వేలితో అటూ ఇటూ జరుపుతూ, "ఆవాలు చిటపటమన్న చప్పుడు విని మూడు నెలలైందమ్మా" అన్నారు. పక్కనే ఆయన కోడలు కళ్లు తుడుచుకుంటోంది. ఆ పిల్ల ప్రేమతోనే ఆపింది. మీరూ అంతే. ఒంట్లో బాగాలేదనగానే నోరు కట్టేయడం మనకు తరాల నుంచి వస్తున్న అలవాటు. లంఘనం పరమౌషధం అన్నారు, బాలింతకు పత్యం అన్నారు, కుట్లు చీము పడతాయని పప్పు మాన్పించారు. నాలుగు రోజుల జ్వరానికి లంఘనం చెల్లుతుందేమో గానీ, నెలల తరబడి సాగే కీమోకు చెల్లదు.

మీరు రాసిన తిండి లెక్కగట్టి చూశాను. ఎంత ఉదారంగా వేసినా రోజుకు 900 కేలరీలు దాటడం లేదు, మాంసకృత్తులు పాతిక గ్రాములకు మించడం లేదు. క్యాన్సర్ రోగులకు కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు, ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని యూరప్‌లోని ఎస్పెన్ అనే క్లినికల్ న్యూట్రిషన్ సంఘం చెబుతుంది. మీ నాన్నగారికైతే రోజుకు సుమారు 1,500 నుంచి 1,750 కేలరీలు, 60 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు. ఆయనకు అందుతున్నది అందులో సగం. పైగా అదే సంఘం, బరువు తగ్గిపోతూ ఇన్సులిన్ సరిగా పనిచేయని రోగులకు పిండిపదార్థాల వాటా తగ్గించి కొవ్వు వాటా పెంచమంటుంది. అవునమ్మా, పెంచమనే.

మరి మీ తమ్ముడు చదివింది అబద్ధమా అంటే, కాదు. ఆ చదివినదాన్ని తిన్నగా మీ పొయ్యి మీదికి తేవడంలోనే పొరపాటు జరిగింది.

ఒక కణం రెండు కావాలంటే కొత్త గోడలు కట్టుకోవాలి. కణం చుట్టూ ఉండే పొరలో ముఖ్యమైన సరుకు కొవ్వే. కణితి కణాలు ఆగకుండా చీలుతూ ఉంటాయి గనుక వాటికి కొవ్వు అవసరం విపరీతం. అది ఎక్కడి నుంచి వస్తుందన్నది అసలు ప్రశ్న. 1920ల్లో జర్మనీలో ఒట్టో వార్‌బర్గ్, కణితి కణాలు గ్లూకోజును ఎడాపెడా లాగేసుకుని, ఆక్సిజన్ అందుతున్నా సరే లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయని గమనించారు. క్యాన్సర్‌కు చక్కెరే తిండి అన్న మీ పిన్ని మాట అక్కడ పుట్టిందే. 1994లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఫ్రాన్సిస్ కుహజ్డా బృందం, మొండి రొమ్ము కణితుల్లో ఎక్కువగా కనబడుతున్న ఒక ప్రొటీన్ ఏమిటా అని చూస్తే, అది కొవ్వు తయారుచేసే ఎంజైము అని తేలింది. పేరు ఫ్యాటీ యాసిడ్ సింథేజ్. తర్వాత పెద్దపేగు కణితుల్లోనూ అది ఎక్కువగా కనబడింది.

ఒంట్లో చాలామటుకు కణాలు రక్తంలో తిరిగే కొవ్వునే తీసుకుని సరిపెట్టుకుంటాయి. సొంతంగా పెద్ద ఎత్తున తయారుచేసుకునేవి కాలేయం, కొవ్వు కణజాలం, పాలిచ్చే తల్లి రొమ్ము లాంటివి కొన్నే. కణితి మాత్రం రక్తంలో కొవ్వున్నా సరే సొంత పొయ్యి వెలిగిస్తుంది. గ్లూకోజు నుంచి సిట్రేటు, సిట్రేటు నుంచి ఎసిటైల్ కోఎంజైమ్ ఏ, దాన్ని ముక్కముక్కగా అతికిస్తూ పోతే చివరికి పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లం. ముడిసరుకు అన్నమైనా సరే, ఇడ్లీ అయినా సరే, ఆపిల్ అయినా సరే. అంటే మీరు నూనె లేకుండా కాచిన రాగిజావ నుంచి కూడా అది కొవ్వు తయారుచేసుకోగలదు.

ఇంకో దారి, ఇరుగుపొరుగు నుంచి అప్పు తెచ్చుకోవడం. మీ నాన్నగారి రిపోర్టులో పీటీ3 అని ఉంది చూడండి. కణితి పేగు కండరపు పొరను దాటి, చుట్టూ ఉన్న కొవ్వు దాకా వచ్చిందని దానర్థం. పేగు చుట్టూ సన్నవాళ్లకైనా పసుపుపచ్చని కొవ్వు మెత్తగా అంటుకుని ఉంటుంది. అక్కడికి చేరిన కణితి కణాలు ఆ కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలను గుంజుకుని, తిండి కరవైనప్పుడు వాటిని కణంలో శక్తి పుట్టించే మైటోకాండ్రియాలో మండించుకుని బతుకుతాయని ల్యాబుల్లో చూపించారు. ఆ మంటకు వాకిలి లాంటి ప్రొటీన్ పేరు సీపీటీ1. తయారీ దారి మూసేస్తే అప్పు దారి ఇంకా వెడల్పవడం కూడా చూశారు. ఇంత జిత్తులమారి రోగమమ్మా ఇది. దీన్ని పోపుగరిటె ఆపి ఓడించలేం.

ఇక్కడే మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. మనిషి చాలినంత తినకపోతే శరీరం చూస్తూ ఊరుకోదు. తన కొవ్వు గోదాము తాళం తీసి, కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంది. పస్తున్న మనిషి రక్తంలో అవి తగ్గవు, పెరుగుతాయి. అంటే మీరు గిన్నెలో చెంచాడు నూనె ఆపారు, లోపల గోదాము తెరుచుకుంది. కణితి కణం ఎక్కడైనా మిగిలి ఉంటే దానికి కొవ్వు అందుతూనే ఉంది. అందనిది మీ నాన్నగారికే. కొవ్వు కరిగాక, దాంతోపాటే తొడల కండ, భుజాల కండ కరుగుతాయి. కణితి ఉన్న ఒంట్లో ఈ కరుగుడు మరీ ఉధృతం. 2011లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకులు ఆ గోదాము తాళం తీసే ఎంజైము లేని ఎలుకలను చూశారు. ఒంట్లో కణితి ఉన్నా వాటి కొవ్వూ నిలిచింది, కండా నిలిచింది. కండ తగ్గిన మనిషికి కీమో దుష్ఫలితాలు ఎక్కువ, డోసు తగ్గించాల్సి వస్తుంది, సైకిల్ వాయిదా పడుతుంది. నేను భయపడేది దానికి. నూనెకు కాదు.

మనుషుల్లో చూసిన సాక్ష్యమూ చెబుతాను. అమెరికాలో నెలసరి ఆగిపోయిన 48,835 మంది ఆడవాళ్లతో ఒక పెద్ద పరీక్ష చేశారు. కొందరికి కొవ్వు బాగా తగ్గించిన భోజనం, మిగతావారికి మామూలుగా తినేదే. ఎనిమిదేళ్లు చూశాక 2006లో ఫలితం చెప్పారు: కొవ్వు తగ్గించినవారిలో పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదు. మీ నాన్నగారిలాగే మూడో దశలో ఆపరేషన్, కీమో అయిన వెయ్యిమందికి పైగా రోగులను గమనించిన అధ్యయనం ఇంకోటుంది. వాళ్లలో ఎర్రమాంసం, మైదా, మిఠాయిలు, వేపుళ్లు బాగా తినేవాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. వాళ్లలోనే 826 మంది వివరాలు 2018లో వచ్చాయి. వారానికి కనీసం రెండుసార్లు గుప్పెడు గింజలు తిన్నవారిలో జబ్బు తిరగబెట్టడం గానీ మరణం గానీ 42 శాతం తక్కువగా కనబడింది. బాదం, అక్రోటు, జీడిపప్పు లాంటి వాటిలోనే ఈ తేడా, వేరుశనగలో లేదు. బాదం బరువులో సగం దాకా కొవ్వే అని తెలుసు కదా. ఇవి గమనించిన సంబంధాలే తప్ప తిరుగులేని రుజువులు కావు. అయినా కొవ్వు అన్న ఒక్క మాట కింద వేపుడునూ బాదాన్నీ కలిపి కట్టేయకూడదని మాత్రం తేటతెల్లమవుతోంది.

ఇక పిన్నిగారి కీటో. 2016లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఎలుకలకు 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే మేత నెలల తరబడి పెడితే, పేగులోని మూలకణాలు పెచ్చుమీరి కణితులు కట్టే గుణం పెరిగింది. 2022లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకలకు కీటో మేత పెడితే పేగు కణితులు తగ్గాయి. కీటోలో ఒంట్లో పుట్టే బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ ఆ పని చేసిందని తేల్చారు. రెండూ మంచి పరిశోధనలే. రెండూ ఎలుకల్లోనే. కీమో నడుస్తూ తొమ్మిది కిలోలు తగ్గిన మనిషికి అన్నం మాన్పించడానికి ఇవేవీ ఆధారం కావు.

నాలుగు పెద్ద చెంచాల కొబ్బరినూనె మాటకొస్తే, మీ నాన్నగారి విషయంలో ఇంకో చిక్కుంది. కుడివైపు పెద్దపేగు తీసేటప్పుడు చిన్నపేగు చివర ముక్క కూడా కొంత తీస్తారు. కొవ్వును అరిగించడానికి కాలేయం పంపే పైత్యరసంలోని ఆమ్లాలను ఒళ్లు మళ్లీ పీల్చుకునేది అక్కడే. అది తగ్గినప్పుడు ఒకేసారి ఎక్కువ నూనె పడితే ఆ ఆమ్లాలు పెద్దపేగులోకి జారి, పసుపుపచ్చని నీళ్ల విరేచనాలవుతాయి. పరగడుపున ఆ నాలుగు చెంచాలు తాగిస్తే పన్నెండు గంటలకల్లా ఆయన బాత్‌రూము వదలలేరు. తిన్న ప్రతిసారీ అలా పరుగెత్తాల్సి వస్తుంటే డాక్టరుకు చెప్పండి, ఆ ఆమ్లాలను పట్టి ఉంచే పొడి మందు ఉంది. కాపెసిటబిన్‌తో కూడా విరేచనాలు రావచ్చు. మామూలుగా వెళ్లేదానికన్నా రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా, రాత్రి నిద్ర లేపినా, తర్వాతి మాత్ర వేసే ముందే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఆర్లిస్టాట్ వద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ల్యాబులో కణాల మీద పోస్తే అది ఫ్యాటీ యాసిడ్ సింథేజ్‌ను ఆపడం నిజమే, మీ తమ్ముడు అదే చదివి ఉంటాడు. మాత్రగా మింగినప్పుడు మాత్రం అది దాదాపు రక్తంలోకి ఎక్కదు. పేగులోనే ఉండి, తిన్న కొవ్వు అరగకుండా చేసి, జిడ్డు విరేచనాలుగా పంపుతుంది. దాంతోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. 59 కిలోల మనిషికి బరువు తగ్గే మాత్ర ఏమిటమ్మా! ఆ ఎంజైమును ఆపడానికే తయారుచేసిన డెనిఫాన్‌స్టాట్ లాంటి మందులు ఇంకా పరీక్షల్లో ఉన్నాయి, అదీ ఎక్కువగా కొవ్వు పట్టిన కాలేయం కోసం. పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి పొందిన కొవ్వు మందు ఈ రోజుకు లేదు.

కానీ కొవ్వుతో చుట్టరికం ఉన్న ఒక పాతమందు గురించి మీ డాక్టరును తప్పకుండా అడగండి. కణం పొరలోని అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు నుంచి ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి, అవి కణితికి ఎరువు వేసినట్టు పనిచేస్తాయి. ఆస్పిరిన్ ఆ దారిని అడ్డుతుంది. 2025లో స్వీడన్ నుంచి వచ్చిన అలాస్కా అనే పరీక్షలో, కణితిలో పీఐకే3సీఏ, దాని సంబంధ జన్యువుల్లో మార్పున్న రోగులకు ఆపరేషన్ తర్వాత మూడేళ్లు రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, జబ్బు తిరగబెట్టడం సుమారు సగానికి తగ్గింది. ప్రధానంగా చూసిన గుంపులో 14.1 శాతం ఉండాల్సింది 7.7 శాతమైంది. అందరికీ కాదు, ఆ మార్పున్నవారికే. తీసిన కణితి ముక్క ల్యాబులో భద్రంగా ఉంటుంది, దాని మీదే పరీక్ష చేయొచ్చు. మీ అంతట మీరు మాత్రం మొదలుపెట్టకండి. ఆక్సాలిప్లాటిన్‌తో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, వాటికి ఆస్పిరిన్ తోడైతే రక్తస్రావం కావచ్చు.

చేపనూనె బిళ్లలు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నెదర్లాండ్స్ పరిశోధకులు చేపనూనెలో ఉండే ఒక కొవ్వు ఆమ్లం ప్లాటినం జాతి కీమో మందును ఎలుకల్లో పనిచేయనీయకుండా అడ్డుకుంటోందని చూపించి, కీమో ముందు రోజు నుంచి మర్నాటి దాకా అది వద్దన్నారు. మాకెరెల్, హెర్రింగ్ చేపల్లోనూ అది ఎక్కువే. ఆక్సాలిప్లాటిన్ ప్లాటినం మందే. అందుకని బిళ్లలు పూర్తిగా ఆపండి, డ్రిప్పు చుట్టూ ఆ మూడు రోజులు కానాగంతలు వండకండి. మిగతా రోజుల్లో నెల్లూరు చేపల పులుసు నిశ్చింతగా పెట్టండి, పులుపూ కారమూ కాస్త తగ్గించి.

వంట మాటకొస్తే, రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి ఐదారు టీచెంచాలు పెట్టుకోండి. ఒక్కో చెంచాకు 45 కేలరీల దాకా వస్తాయి. ఒకేపూట కుమ్మరించకుండా ఐదారు చిన్న భోజనాలకు పంచండి. మొదటి వారం మూడు చెంచాలతో మొదలుపెట్టి, పేగు ఎలా తీసుకుంటోందో చూస్తూ పెంచండి. రాగిజావ పాలతో కాచండి. బాగా ఉడికిన గుడ్లు రెండు, పాలూ ఇంట్లో తోడుపెట్టిన పెరుగూ కలిపి అరలీటరు, వంద గ్రాముల శంకర చేపో వంజరమో, ఒక పూట ముద్దపప్పు, ఇంకో పూట పెసరట్టు. వీటితోనే మాంసకృత్తులు అరవై గ్రాములు దాటిపోతాయి. బాదం నానబెట్టి నూరి పాలలో కలపండి. సాసేజీలు, బేకన్ లాంటి నిల్వ మాంసం అసలు వద్దు. రోజుకు 50 గ్రాములు తింటేనే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే చెప్పింది. డ్రిప్పు అయిన కొద్ది రోజులు ఫ్రిజ్‌లోవి ఏవీ ఇవ్వకండి, పెరుగు కూడా. ఆ మందుకు చల్లనిది తగిలితే వేళ్లూ గొంతూ ముళ్లు గుచ్చినట్టవుతాయి. కాపెసిటబిన్ భోజనమైన అరగంటలోపు వేయండి. డాక్టరు రాయని మల్టీవిటమిన్ ఇవ్వకండి, అందులో ఫోలిక్ యాసిడ్ ఉంటే కాపెసిటబిన్ దుష్ఫలితాలు ముదురుతాయి.

తమ్ముడు కొవ్వు గురించే ఏదో ఒకటి చేయాలని ఆరాటపడుతుంటే, ఆ ఆరాటాన్ని నాన్నగారి నడక మీదికి మళ్లించమనండి. 2025లో ఛాలెంజ్ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. కీమో పూర్తయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో సగం మందికి మూడేళ్ల పాటు ఒక శిక్షకుణ్ని పెట్టి వ్యాయామం చేయించారు, మిగతావారికి సలహా పుస్తకం ఇచ్చారు. ఎనిమిదేళ్లకు బతికున్నవారు వ్యాయామం చేసినవారిలో 90.3 శాతం, పుస్తకం ఇచ్చినవారిలో 83.2 శాతం. వాళ్లు చేసింది పెద్ద కసరత్తేమీ కాదు, వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావు గంట నుంచి గంట చురుకైన నడకతో సమానం. ఇప్పుడు నీరసంగా ఉన్నారు గనుక వరండాలో పదేసి నిమిషాలు చాలు. కీమో అయ్యాక ఐసీఎఫ్ కాలనీ వీధుల్లో చెట్ల నీడన పొద్దున్నే నడిపించండి. తమ్ముడు బెంగళూరు నుంచి రోజూ ఆ వేళకు ఫోన్ చేసి మాట్లాడుతూ ఉంటే ఆయన అడుగు తనంతట తనే సాగుతుంది.

మీ ఇద్దరి సంగతీ చెప్పాలి. తండ్రికి ఈ జబ్బు వచ్చింది కాబట్టి మీరూ మీ తమ్ముడూ 40 ఏళ్లకు కొలొనోస్కోపీ చేయించుకోవాలి. నాన్నగారి కణితిలో ఎంఎంఆర్ పరీక్ష, అంటే డీఎన్ఏలో తప్పులు దిద్దే ప్రొటీన్లు సరిగా ఉన్నాయా అని చూసే పరీక్ష, చేశారా అని అడగండి. అందులో తేడా ఉంటే వంశపారంపర్యం కావచ్చు, అప్పుడు మీరు ఇంకా ముందే చేయించుకోవాలి. రక్తం కనబడితే మొలలని సరిపెట్టుకోవద్దు. మన చెన్నై అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1954లో ప్రారంభించినది. ఆ తలుపు ముందు వేళ మించాక వచ్చి నిలబడినవాళ్లను చాలామందిని చూశాను.

ప్రతి ఆదివారం పొద్దున, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద నాన్నగారి బరువు చూసి గోడ క్యాలెండరులో రాయండి. వచ్చే డ్రిప్పు రోజున ఆ కాగితాన్నీ, ఈ సమాధానాన్నీ డాక్టరుకూ అక్కడి డైటీషియన్‌కూ చూపించండి. అప్పటికి 59 నుంచి ఇంకో కిలో తగ్గి ఉంటే, నోటితో తినే తిండి చాలడం లేదు, ఇంకేం చేద్దామని మీరే అడగండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.